ఆ ఇంట్లో అనకూడని మాట

సుమిమసెన్, అంటే క్షమించండి, అన్న ఒక్క మాట నోటికొస్తే చాలు, ఈ దేశంలో ఎవరూ పస్తుండక్కర్లేదని మిత్సుయొ నమ్మకం. దారి అడగాలంటే అదే. పొరపాటున ఎవరి కాలో తొక్కితే అదే. ఇంకో గిన్నెడు టీ కావాలన్నా, ఎవరైనా వంగి మీ గొడుగు తీసి చేతికిచ్చినా అదే. అందుకే హినోయా విడిదిలో దిగిన పరదేశులకి సాయంత్రం టీ దగ్గర ఆమె మొట్టమొదట ఆ మాటే నేర్పుతుంది.

"సు-మి-మ-సెన్" అంటుంది తల కొంచెం వంచి. "తల వంచకపోతే సగం మాటే అన్నట్టు."

ఆమె చెప్పేది వాళ్ళకి అర్థం కాదు గాని తల వంచడం అర్థమవుతుంది. ముందు హాల్లో నిప్పుల గుండం చుట్టూ కూర్చున్నవాళ్ళంతా టీ గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని వచ్చీరాని మాటతో తలలు వంచుతారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. బయట కొండల మీద మంచు పడుతూ ఉంటుంది, ఇనప కెటిల్ గునుస్తూ ఉంటుంది. అరవై దగ్గర పడుతున్న మిత్సుయొకి రోజంతా పళ్ళేలు మోసి, పరుపులు పరిచి, మోకాళ్ళ మీద తలుపులు తెరిచి మూసిన అలసట ఆ కాసేపట్లో దిగిపోతుంది. ఆ టీ వేళ లేకపోతే తన బతుకులో మిగిలేది పళ్ళేలూ పరుపులేనని ఆమెకి బాగా తెలుసు.

ఆ రోజు ఐదుగురున్నారు. తైవాన్ నుంచి అక్కచెల్లెళ్ళిద్దరు, స్పెయిన్ నుంచి కొత్తగా పెళ్ళైన జంట, డెన్మార్క్ నుంచి ఒంటరిగా వచ్చిన బిర్గిత్. బిర్గిత్ తన ఊళ్ళో సిటీ బస్సు నడిపి రిటైరైంది. ఎదురుగా చక్రం ఉన్నట్టు చేతులు తిప్పి, నోటితో హారన్ కొట్టి మరీ ఆ సంగతి చెప్పింది. మనిషి నిలువెత్తు. అతిథులకి కట్టుకోవడానికిచ్చే నూలు అంగీ, యుకాత, పిక్కలు బయటపడకుండా ఆమెకి సరిపడేది విడిదిలో లేనేలేదు.

"ఓయిషీ అనండి" అంది మిత్సుయొ, పొగబెట్టి ఊరవేసిన ముల్లంగి ముక్కలు అందరికీ పెడుతూ. వేలు చెంప మీద ఆనించి కళ్ళు మూసుకుని, బాగుందన్నట్టు చూపించింది. "బాగోకపోయినా అనండి. గోడవతల వంటాయన వింటుంటాడు."

"ఓయిషీ!" అన్నారు ఐదుగురూ.

"అంత లేదులే, ఈసారి ఉప్పెక్కువైంది" అని గోడవతల నుంచి గెన్ గొంతు వినపడింది. అతను ఆ వంటింట్లోనే ముసలివాడయ్యాడు, చెవులు మాత్రం కుర్రవే.

టీ అయ్యాక బిర్గిత్ లేచి నిలబడి, తనకి ముందే వచ్చిన మాట ఒకటుందన్న గర్వంతో చెయ్యి ఊపింది. "సయోనరా!"

మిత్సుయొ రెండు ముంజేతులూ అడ్డంగా పెట్టి చూపించింది, వద్దని. పరదేశులందరూ విమానం దిగేటప్పటికే ఆ మాట నేర్చుకుని వస్తారు. ఎవరు నేర్పుతారో గాని, నేర్పేవాళ్ళకి బుద్ధి లేదని ఆమె అభిప్రాయం. బిర్గిత్ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళింది. ఒక కాలు బయటపెట్టి, వెనక్కి తిరిగి హాలు వైపు చూసి "ఇత్తెకిమాస్" అంది. వెళ్ళొస్తాను. మళ్ళీ లోపలికొచ్చి, తనే ఇంటి మనిషై చెయ్యి ఊపి "ఇత్తెరష్షాయ్" అంది. వెళ్ళి రండి. ఈ ఇంట్లోంచి స్నానానికి వెళ్ళినా, పక్క ఊరికెళ్ళినా, పదేళ్ళదాకా రానంత దూరం వెళ్ళినా అవే మాటలు. వెళ్ళేవాళ్ళు వస్తామనే అంటారు, ఉన్నవాళ్ళు రమ్మనే అంటారు.

"మరి సయోనరా?" అన్నట్టు భుజాలెగరేసింది బిర్గిత్.

మిత్సుయొ క్షణం ఆలోచించింది. తర్వాత గుమ్మం దాటి, వెనక్కి తిరిగి చూడకుండా మంచులోకి వెళ్ళి, జారుడు తలుపు తన వెనక మూసేసింది. హాల్లో అందరూ మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. ఇక తైవాన్ చెల్లెలు ఉండబట్టలేక "అయ్యో" అంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. జుట్టు నిండా మంచుతో మిత్సుయొ లోపలికొచ్చి, చేతులు నిప్పుల మీద చాపి వెచ్చచేసుకుంటూ "అదీ సయోనరా అంటే" అంది. "ఈ ఇంట్లో అతిథితో ఆ మాట అనం."

రాత్రి భోజనాల వేళ కింది వరండా అంతా పళ్ళేలతో, నేలమీద జారే కాలిమేజోళ్ళ చప్పుడుతో హడావిడిగా ఉంది. మిత్సుయొ ఏటి చేపల పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వస్తుంటే, అటు చివర మెట్లు దిగుతున్న బిర్గిత్ కనపడింది. స్నానం చేసి వచ్చినట్టుంది, ముఖం ఎర్రగా కందింది. యుకాత కుడి అంచు పైకొచ్చేలా చుట్టుకుంది.

పరదేశులకి ఇది మామూలే. బతికున్నవాళ్ళు ఎడమ అంచు పైకి చుట్టుకుంటారు, కుడి అంచు పైకొచ్చేలా చుట్టేది శవానికి. ఇలాంటప్పుడు మిత్సుయొ గట్టిగా ఏమీ అనదు. నవ్వుతూ దగ్గరకెళ్ళి, సుమిమసెన్ అని రెండు వేళ్ళతో అంచులు మార్చేసి, నడుంపట్టీ సర్దేసి పంపించేస్తుంది. తప్పు జరిగిందనైనా వాళ్ళకి తెలియదు.

ఆమెకంటే ముందు తోబె చూశాడు.

తోబె జిల్లా కేంద్రంలో పెద్ద కాంట్రాక్టరు. ఏటా మంచుకాలంలో వస్తాడు, వచ్చినప్పుడల్లా పెద్ద గదే తీసుకుంటాడు. అతని కంపెనీ ఏడాది విందు ఇక్కడే జరుగుతుంది. అప్పటికే బియ్యపు సారా, సాకే, బాగా ఎక్కి ఉంది. గిన్నె చేత్తో పట్టుకునే వరండాలోకి వచ్చాడు, వెనక అతని మనుషులిద్దరు.

"ఒరేయ్, శవం లేచొచ్చిందిరా!" అన్నాడు తోబె. మనుషులిద్దరూ నవ్వారు. "ఇలాంటివాళ్ళ పక్కన కూర్చుని అన్నం తినమంటున్నారు మనల్ని. అపశకునం! ఏయ్, ఇటు రా. ఇది ఇలా కాదు."

అని బిర్గిత్ యుకాత మెడ దగ్గర అంచు గుప్పిట్లో పట్టుకుని గుంజాడు. అంచు విడిపోయింది. బిర్గిత్ రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. ఏం తప్పు చేసిందో ఆమెకి తెలియలేదు గాని, ఏదో చేశానని మాత్రం అర్థమైంది. అంత మనిషీ తల వంచి, నేర్చుకున్న మాట నేర్చుకున్నట్టే అంది.

"సుమిమసెన్. సుమిమసెన్."

తోబె పట్టు వదల్లేదు. ఇంకా గుంజుతూ నవ్వుతున్నాడు.

మిత్సుయొకి ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నేర్పింది తను. సాయంత్రమే నేర్పింది, తల వంచి మరీ అనమని.

పళ్ళెం నేలమీద పెట్టింది. వడ్డించే పళ్ళెం వరండా నేలమీద పెట్టడం ఆ ఇంట్లో మహా తప్పు. నాలుగడుగుల్లో వెళ్ళి తోబె మణికట్టు పట్టుకుని, అంచు మీంచి చెయ్యి తీసేసింది. అతని రెండో చేతిలో గిన్నె ఒలికి సాకే గుండెల మీద పడింది.

"వదలండి" అంది. అంతే అంది.

తర్వాత అతనికి వీపు పెట్టి బిర్గిత్ వైపు తిరిగింది. ఆమె చేతులు మెల్లగా విడదీసి, ఎడమ అంచు పైకి తెచ్చి, మెడ దగ్గర సరిచేసి, నడుంపట్టీ విప్పి మళ్ళీ బిగించి ముడేసింది. తొందరపడలేదు. వెనక తోబె అరుస్తూనే ఉన్నాడు.

"చూశారా? నాకు వీపు చూపించింది! పనిమనిషి! అతిథికి వీపు చూపించింది!"

పొద్దున యజమానురాలు శిహో గదిలోకి పిలిపించింది. శిహోకి నలభై దాటాయి. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు తలుపు ఎలా తెరవాలో, తల ఎంతసేపు వంచాలో ఆమెకి నేర్పింది మిత్సుయొ. అందుకే చుట్టూ ఎవరూ లేనప్పుడు ఆమెని అక్కా అనే పిలుస్తుంది.

"కూర్చో అక్కా" అంది శిహో. టీ కూడా తనే పోసింది. అప్పుడే మిత్సుయొకి అర్థమైంది ఇది మంచి కబురు కాదని.

"తోబె గారు రేపు పొద్దున బయల్దేరుతున్నారు. ఆయన వెళ్ళేలోగా నువ్వు క్షమాపణ చెప్పాలంటున్నారు. ఇక్కడ, గదిలో కాదు. గుమ్మం దగ్గర, అందరి ముందు, నేలకి చేతులానించి."

"దేనికమ్మగారూ?"

"దేనికో నాకు తెలీదా? నీకు తెలీదా? ఆయనక్కూడా తెలుసు. దేనికన్నది కాదక్కా ఇప్పుడు. ఒక్క మాట. ఆ పరదేశులకి రోజూ ఊరికే పంచిపెడతావు కదా, ఆ ఒక్క మాట. ఆయనకి పడేస్తే నీకు పోయేదేముంది? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నువ్వే చెప్పావు నాకు."

"చెప్పాను. ఆయన నోరు కూడా లెక్కలోకొస్తుందా, నాదొక్కటేనా?"

శిహో కళ్ళు దించుకుని గిన్నె అంచు వేలితో తుడిచింది. "అతిథి దేవుడంటారు" అంది చివరికి.

"దేవుడైతే గుళ్ళో కూర్చోవాలి గాని, ఆడవాళ్ళ మెడ దగ్గర చేతులేస్తాడా?"

"అక్కా!" శిహో గొంతు పెరిగింది, మళ్ళీ వెంటనే తగ్గింది. "ఆయన పోతే ఆయనొక్కడే పోడు. ఆయన మాట విని వచ్చేవాళ్ళంతా పోతారు. పైకప్పు సంగతి నీకు తెలుసు. ఈ మంచు ఇంకో రెండు వారాలు ఇలాగే పడితే తూర్పు వైపు గదులు మూసెయ్యాలి. నేను ఇంతమంది ముఖాలు చూడాలి." ఊపిరి పీల్చుకుంది. "నువ్వు అనకపోతే, నిన్ను అతిథుల ముందుంచలేను. దుప్పట్ల గదికి వెళ్ళిపోవాలి. టీ దగ్గర మాటలూ ఉండవు. ఆయన అదీ అడిగాడు. పనిమనిషి పంతులమ్మ అయితే నెత్తికెక్కుతుందట."

మిత్సుయొ తాగని టీ గిన్నె మీద మూత పెట్టి, రెండు చేతులూ నేలకానించి లేచింది.

"రేపటిదాకా ఉంది కదా" అంది శిహో వెనక నుంచి. "ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి తీరికెక్కడిది? తోబె పెద్ద గదికి ఫలహారం ఆమే తీసుకెళ్ళాలి. వేరేవాళ్ళని పంపిస్తానంటే వద్దన్నాడట, ఆమే కావాలన్నాడట. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు. గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు బెత్తెడు తెరిచి, చెయ్యి మార్చి పూర్తిగా తెరిచి, తల వంచి లోపలికి వెళ్ళింది. అన్నం గిన్నె ఎడమకీ, పులుసు గిన్నె కుడికీ పెట్టింది. టీ గిన్నె మీద బొమ్మ అతని వైపు వచ్చేలా తిప్పింది.

తోబె పత్రిక పక్కన పడేసి ఆమెనే చూస్తున్నాడు. పొద్దుటిపూట చూస్తే మామూలు ముసలాయనలాగే ఉన్నాడు, చెంపలు జారి, కళ్ళ కింద సంచులతో.

"సాధన చేస్తున్నావా?" అన్నాడు.

"ఏమిటండీ?"

"రేపటి పాఠం. దారినపోయే పరాయివాళ్ళకి మాటలు నేర్పుతావంట కదా. నీ నోట్లోంచి ఎలా వస్తుందో వినాలని నాకూ సరదాగా ఉంది. గొంతులో గొణిగితే కుదరదు సుమా. గట్టిగా, అక్షరం అక్షరం వినపడాలి."

"చిత్తం."

"నుదురు నేలకి తగలాలి."

"చిత్తం. పులుసు చల్లారిపోతుందండీ."

తలుపు మూసి వరండాలోకి వచ్చాక ఆమెకి తన మీదే కోపమొచ్చింది, చిత్తం అన్న మాట కూడా వాడి మీద ఖర్చుపెట్టినందుకు.

సాయంత్రం టీ వేళ ఎవరూ ఆమెని ఆపలేదు. రేపటి సంగతి రేపు అనుకున్నట్టున్నారు. కెటిల్ పెట్టి, ముల్లంగి ముక్కలు కోసి హాల్లోకి తెచ్చేసరికి స్పెయిన్ జంటా తైవాన్ అక్కచెల్లెళ్ళూ కూర్చుని ఉన్నారు. బిర్గిత్ చివరికి వచ్చింది. యుకాత తీరుగా చుట్టుకుంది, ఎడమ అంచు పైన. కానీ ఒక చెయ్యి మెడ దగ్గరే ఉంచుకుంది. టీ తాగేటప్పుడు కూడా రెండో చేత్తోనే గిన్నె పట్టుకుంది. ఈ ఇంట్లో గిన్నె రెండు చేతులతో పట్టుకోవాలని నిన్న ఎంత శ్రద్ధగా నేర్చుకుందో మిత్సుయొకి గుర్తుంది.

మిత్సుయొ ఆమె పక్కన కూర్చుని టీ పోసింది. బిర్గిత్ తల వంచి, చిన్న గొంతుతో "సుమిమసెన్" అంది.

"ఎందుకు?" అంది మిత్సుయొ. "మీరెందుకు? మీరెందుకంటున్నారు ఆ మాట?"

బిర్గిత్‌కి అర్థం కాలేదు. ఇంకోసారి అంది. మిత్సుయొకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా ఎంతమందికి నేర్పిందో ఈ మాటలు. క్షమించండి, దయచేయండి, బాగుంది, చాలా సంతోషం. ఎదుటివాడి మనసు నొప్పించని మాటలన్నీ నేర్పింది. ఎదుటివాడు మీద చెయ్యేస్తే అనడానికి ఒక్కటి నేర్పలేదు. పూర్తిగా నిరాయుధుల్ని చేసి పంపించింది వాళ్ళందర్నీ, నవ్వుతూ, ముల్లంగి ముక్కలు పెట్టి. ఆ పూట ఆమె ఇంకేమీ నేర్పలేకపోయింది. గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గెన్ రాత్రికి చేపల్ని పుల్లలకి గుచ్చుతున్నాడు. తోకకీ మొప్పలకీ దట్టంగా ఉప్పు పట్టిస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఏం చేస్తావు మరి?"

"నీకూ తెలిసిందా?"

"ఊరంతా తెలుసు. నేనైతే అనేస్తాను. పైకి క్షమించండని, లోపల నీ పిండం పెట్టనని. ముప్ఫై ఏళ్ళుగా అదే చేస్తున్నా."

"ఏమైంది?"

"కడుపులో పుండైంది" అన్నాడు గెన్. ఉప్పు డబ్బా ముందుకు తోశాడు. "ఓ పని చేస్తా. రేపు వాడి కారు మలుపు తిరగ్గానే నీ తరఫున గుమ్మంలో గుప్పెడు ఉప్పు చల్లేస్తా. పీడ విరగడైందని. మా అమ్మ అప్పులవాడు వచ్చి వెళ్ళినప్పుడల్లా చల్లేది."

మిత్సుయొ గిన్నెలు ఒక్కొక్కటీ కడిగి బోర్లించింది.

"ఉప్పు వెళ్ళిపోయాక చల్లేది గెన్. వీపు వెనక."

"మరి ముందర చల్లుతావా ఏంటి, ముఖం మీద?"

ఆమె చేతులు తుడుచుకుంది. "గట్టిగా, అక్షరం అక్షరం వినపడాలన్నాడు" అంది.

"అంటే అంటావా అయితే?"

"అంటాను."

గెన్ నిట్టూర్చి చేపకి ఇంకాస్త ఉప్పు పట్టించాడు. "మంచిది. పుండుకి నా దగ్గర మందుందిలే, పట్టుకెళ్ళు" అన్నాడు.

పొద్దున మంచు తెరిపిచ్చింది. మిత్సుయొ అందరికంటే ముందు లేచి గుమ్మం ముందు దారి తవ్వింది. పార బరువుకి భుజాలు నొప్పిపుట్టాయి గాని పని మధ్యలో వదల్లేదు. తోబె బూట్లు తనే తీసి, తుడిచి, కొసలు బయటి వైపు ఉండేలా మెట్టు కింద పెట్టింది. కిమోనో మార్చుకుని, మెడ దగ్గర అంచు రెండుసార్లు చూసుకుంది.

హాల్లో పనివాళ్ళంతా వరసగా నిలబడ్డారు. గెన్ కూడా కొయ్యచెప్పుల్లో వచ్చి చివర నిలబడ్డాడు. ఊరు చూడ్డానికి బయల్దేరిన పరదేశులు ఏదో జరుగుతోందని గ్రహించి గోడ పక్కకి తప్పుకున్నారు. బిర్గిత్ మందపాటి కోటు వేసుకుంది, అయినా చెయ్యి మెడ దగ్గరే ఉంది.

తోబె మెట్టు మీద కూర్చుని మిత్సుయొ అందించిన బూట్లు తొడిగే గరిటెతో మడమలు బూట్లలోకి దోపుకున్నాడు. లేవలేదు. కాలు మీద కాలేసుకుని వెనక్కి తిరిగాడు. అతని మనుషులు సంచులు పట్టుకుని నిలబడ్డారు.

"మిత్సుయొ గారూ" అంది శిహో. ఆ గొంతులో బతిమాలాటే ఉంది.

మిత్సుయొ వరసలోంచి ముందుకొచ్చింది. కిమోనో అంచులు సర్దుకుని చెక్క నేలమీద కూర్చుంది. రెండు అరచేతులూ నేలకి ఆనించింది, వేళ్ళ కొసలు ఒకదానికొకటి తగిలేలా. మెల్లగా వంగింది. నుదురు నేలకి తగిలింది. కెటిల్ గునుపు తప్ప ఇంకేమీ వినపడలేదు. తల వంచాల్సినంతసేపూ వంచే ఉంచింది, వెళ్ళిపోయే అతిథికి ఎంతసేపు వంచాలో అంతసేపూ. శిహో గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తోబె ముఖంలో నవ్వు మొదలైంది.

మిత్సుయొ తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. టీ దగ్గర పరదేశులకి నేర్పే గొంతుతో, అక్షరం అక్షరం విడిగా వినపడేలా అంది.

"తోబె గారూ. స-యో-న-రా."

ఆ గుమ్మం దగ్గర ఎన్ని వేలమందిని సాగనంపారో, వాళ్ళలో మంచివాళ్ళున్నారు, తాగుబోతులున్నారు, మూట సర్దుకుని చెప్పకుండా పోయినవాళ్ళున్నారు. అందరికీ వెళ్ళి రండి అనే అన్నారు. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

"ఏమన్నావు?" అన్నాడు తోబె.

"మీకు అర్థమయ్యే ఉంటుందండీ. పరదేశులకే ఒక్క పూటలో వచ్చింది."

తోబె ముఖం ఎర్రబడింది. లేచాడు. శిహో వైపు చూశాడు, ఆమె ఏదో ఒకటి అంటుందని. శిహో చూపు ఇంకా మిత్సుయొ మీదే ఉంది. అతను వరస వైపు చూశాడు. గెన్ పైకప్పు దూలాలు పరిశీలిస్తున్నాడు, అవి ఎన్నాళ్ళు ఆగుతాయోనన్నట్టు. ఇక చేసేది లేక తోబె విసురుగా గుమ్మం దాటాడు. సంచులతో మనుషులిద్దరూ వెనకే పడ్డారు.

అప్పుడు బిర్గిత్ గోడ దగ్గర నుంచి కదిలింది. మెడ దగ్గర నుంచి చెయ్యి తీసేసింది. పొడుగ్గా నాలుగంగలేసి వెళ్ళి, మొన్న సాయంత్రం చూసింది చూసినట్టే, అతని వెనక జారుడు తలుపు మూసేసింది. గట్టిగా కాదు. బస్సు ఆఖరి స్టాపులో తలుపు మూసినట్టు, నిదానంగా, చివరిదాకా.

శిహో ముఖం పాలిపోయింది. గుమ్మం దగ్గరికి పరిగెత్తింది, తలుపు తెరుచుకుని ఒక్కతే మంచులోకి వెళ్ళింది. వరసలో మిగతావాళ్ళు ఆమె వెనక వెళ్ళాలి. కారు మలుపు తిరిగేదాకా అందరూ నిలబడి చేతులూపాలి. ఎవరూ వెళ్ళలేదు. తెరిచిన తలుపులోంచి శిహో ఒక్కతే నడుం వంచి నిలబడ్డం కనపడింది. కారు కనుమరుగయ్యాక కూడా ఆమె చాలాసేపు లేవలేదు.

లోపలికొచ్చినప్పుడు జుట్టు మీద చూరు నుంచి రాలిన మంచుంది. వచ్చి మిత్సుయొకి ఎదురుగా నిలబడింది.

"దుప్పట్ల గదికి వెళ్ళిపోండి" అంది, మీరు అని, అందరూ వింటుండగా. "ఇప్పుడే."

"చిత్తం" అంది మిత్సుయొ. ఈ చిత్తం ఖర్చుపెట్టినందుకు ఆమెకి కోపం రాలేదు.

దుప్పట్ల గది వెనక వైపు, బాయిలరు పక్కన. ఉతికిన యుకాతలు కుప్పలుగా పడి ఉంటాయి. ఎడమ అంచు మీద కుడి అంచు పడకుండా, చేతులు లోపలికి మడిచి, నాలుగు మడతలు వేసి, అరచేత్తో ఒత్తి పేర్చాలి. గంజి వాసనకి ముక్కు మండుతుంది. మనిషి మాట వినపడదు. మిత్సుయొ మధ్యాహ్నం దాకా తలెత్తకుండా మడతపెట్టింది. చేసిన పనికి ఆమె పశ్చాత్తాపపడలేదు. పడదామని ప్రయత్నించి చూసింది కూడా, కుదరలేదు. బాధల్లా టీ వేళ గురించే. కెటిల్ ఎవరు పెడతారు? బిర్గిత్ రేపు వెళ్ళిపోతుంది, వెళ్ళొస్తానని ఎవరికి చెబుతుంది?

పొద్దు వాలుతుండగా మడతలు ఎత్తుకుని గదుల వైపు వెళుతూ ముందు హాలు దాటుతుంటే, కాలికింద ఏదో గరుగ్గా తగిలింది. గుమ్మం లోపల తెల్లటి పలుకులు. మంచనుకుంది. లోపలికి మంచెలా వస్తుంది? వంగి వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు. గుమ్మానికి రెండు వైపులా చిన్న కుప్పలు కూడా పోసి ఉన్నాయి, ఎవరో పద్ధతిగా పోసినట్టు.

వంటింట్లోకి తొంగిచూసింది. "గెన్, చల్లావన్నమాట."

గెన్ గుచ్చిన చేపల ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఎక్కడ చల్లాను? చల్లుదామంటే నా ఉప్పు డబ్బా కనపడితేగా! పొద్దున కారు అలా మలుపు తిరిగిందో లేదో, అమ్మగారు వచ్చి డబ్బాతో సహా పట్టుకెళ్ళిపోయింది. అడిగితే కళ్ళెర్రజేసింది. ఇప్పుడు చేపలకి ఏం పట్టించను, నా తల?"

మిత్సుయొ మడతలు గోడ పక్కన బల్ల మీద పెట్టింది. ఎవరూ పిలవలేదు. ఎవరూ రమ్మనలేదు. గంజి అంటిన ఏప్రనుతోనే హాల్లోకి వెళ్ళింది. నిప్పుల గుండం చుట్టూ ఐదుగురూ కూర్చుని ఉన్నారు, ఖాళీ గిన్నెలతో, ఎదురుచూస్తూ. ఎవరు పెట్టారో గాని కెటిల్ అప్పటికే మరుగుతోంది.

తన చోట తను కూర్చుంది. బిర్గిత్ తల వంచి సుమిమసెన్ అనబోతే చెయ్యెత్తి ఆపింది. ఇవాళ ఆ మాట కాదు. కుడి చేత్తో తన మెడ దగ్గర అంచు తనే గుప్పిట్లో పట్టుకుని గుంజుకుంది. ఎడమ చేత్తో ఆ గుప్పిటని ఒక్కటి కొట్టి తీసేసింది. తల వంచలేదు.

"యమెతె" అంది. ఆపండి.

ఐదుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"యమెతె" అన్నారు మెల్లగా. తైవాన్ అక్క మాత్రం అలవాటుకొద్దీ తల వంచింది. మిత్సుయొ ఆమె గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తింది.

అప్పుడు శిహో ముల్లంగి ముక్కల పళ్ళెంతో లోపలికొచ్చింది. గుమ్మంలోనే ఆగింది. మిత్సుయొ ఆమెని చూసింది, కానీ ఆపలేదు. అంచు పట్టుకుని గుంజుకుని, కొట్టి తీసేసి, ఇంకోసారి అంది. ఐదుగురూ ఇంకోసారి అన్నారు.

శిహో వచ్చి పళ్ళెం మధ్యలో పెట్టింది. దుప్పట్ల గది మాట ఎత్తలేదు. కిమోనో సర్దుకుని బిర్గిత్ పక్కన కూర్చుంది.

"అంత మెత్తగా అంటే ఎవడాపుతాడు?" అంది. "వంటింట్లోకి వినపడాలి."

బిర్గిత్‌కి చెప్పక్కర్లేకపోయింది. గుండెల నిండా గాలి పీల్చుకుని, బస్సు చివరి సీట్లో కూర్చున్నవాడికి కూడా వినపడే గొంతుతో అరిచింది.

"యమెతె!"

గోడవతల ఏదో గిన్నె కిందపడింది. "నేనేం చేశానే తల్లీ!" అన్నాడు గెన్.

అందరూ పగలబడి నవ్వారు. శిహో నవ్వలేదు. నిటారుగా కూర్చుని, తన మెడ దగ్గర అంచు తన గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఇంకోసారి" అంది.